డాక్టరు హెలెన్ టౌసిగ్

మనుష్యుని గుండె అతని పిడికిలి యంత పరిమాణము గలది. తల్లి గర్భముననే అది కొట్టుకొన నారంభించి, తుదిశ్వాస వరకు విశ్రమింపదు. దేహమంతయు తిరిగి ప్రాణవాయువును కోల్పోయి నల్లబడిన రక్తము గుండె కుడిభాగమును చేరును. అచటినుండి ఊపిరితిత్తులకు పోయి, ప్రాణవాయువును గ్రహించి, ఎర్రని వన్నెతో ఎడమభాగమునకు వచ్చును. ఎడమభాగము దానిని బృహద్ధమని ద్వారా దేహమున కంతకును పంపును. కుడి యెడమల నడుమ దృఢమైన గోడ యుండుటచేత మంచి రక్తము, చెడు రక్తము కలియకుండును. ఈ యేర్పాటు లోపము లేక సాగినంతకాలము మనకు గుండె యొకటి కలదను తలపే రాదు.

కాని పుట్టిన ప్రతి నూరుమంది శిశువులలో ఇంచుమించు ఒకరికి ఈ నిర్మాణమున ఏదో యొక లోపము సంభవించుచున్నది. వానిలో కొన్ని అల్పములు, కొన్ని ప్రాణాంతకములు. 1888వ సంవత్సరమున ఫాలో అను ఫ్రెంచి వైద్యుడు నాలుగు లోపములు ఒక్క గుండెలోనే కూడియుండు ఒక స్థితిని వివరముగా వర్ణించెను. గోడలో రంధ్రముండును. ఊపిరితిత్తులకు పోవు మార్గము ఇరుకై యుండును. బృహద్ధమని తన స్థానమునుండి జరిగి ఆ రంధ్రముపై నిలిచియుండును. ఇరుకు మార్గమున రక్తమును నెట్టి నెట్టి కుడిభాగపు కండ దళసరి యగును. ఇట్టి గుండెతో పుట్టిన శిశువు రక్తములో చాలభాగము ఊపిరితిత్తులకు పోజాలక, నల్లగనే దేహమునకు మరలిపోవును. అందుచేత పెదవులు, నాలుక, గోళ్లు నేరేడుపండు వన్నెకు తిరుగును. పాలు త్రాగినను, ఏడ్చినను ఆయాసమే. నడక నేర్చిన పిల్లలు నాలుగడుగులు వేసి, ఊపిరాడక, ఉన్నచోటనే గొంతుకూర్చుందురు. అట్లు కాళ్లు మడచి కూర్చున్నప్పుడు మరికొంత రక్తము ఊపిరితిత్తుల వైపు మరలుటచేత వారికి కొంత హాయి కలుగును. ఎవరును నేర్పకయే ఆ పసివారు ఆ యుపాయమును తామే కనుగొనెడివారు.

వీరిని లోకము నీలిశిశువులని పిలిచినది. 1944వ సంవత్సరము వరకు వీరికి చికిత్స యనునది లేకుండెను. అనేకులు బాల్యము దాటకయే కన్నుమూసెడివారు. వైద్యులకు ఈ లోపములు శిశువు మరణించిన పిదప గుండెను కోసి చూచి నేర్చుకొను విషయములే గాని, బ్రతికియున్న బిడ్డకు చేయదగిన సాయము నెరిగినవారు లేరు. ఈ స్థితిని మార్చినవారిలో ముఖ్యురాలు డాక్టరు హెలెన్ టౌసిగ్.

ఆమె 1898వ సంవత్సరము మే నెల 24వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున, కేంబ్రిడ్జి నగరమున జన్మించెను. తండ్రి ఫ్రాంకు టౌసిగ్ హార్వర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడు. ఆ శాస్త్రమున పేరుగన్న పండితుడు. తల్లి ఈడిత్, స్త్రీల విద్యకై వెలసిన రాడ్‌క్లిఫ్ కళాశాలలో తొలితరమున చదివిన విదుషి. నలుగురు బిడ్డలలో హెలెన్ కడగొట్టుది. ఇట్టి చదువుల యింట పుట్టిన బాలికకు చదువే గండమయ్యెను. అక్షరములను కూడబలుకుకొనుట ఆమెకు మహాకష్టముగా నుండెను. నేడు డిస్లెక్సియా యని పిలువబడు ఈ యిబ్బందిని ఆనాటి ఉపాధ్యాయులలో పెక్కురు గుర్తింపలేకుండిరి. తండ్రి మాత్రము బిడ్డ మందమతి యని యెన్నడును తలపక, ఎంతో ఓపికతో దగ్గర కూర్చుండబెట్టుకొని చదివించెను.

హెలెన్ పదునొకండవ యేట తల్లి క్షయవ్యాధితో మరణించెను. ఆ వ్యాధి హెలెనును కూడ సోకెను. కొంతకాలము ఆమె ఒక్కపూట మాత్రమే బడికి పోవలసివచ్చెను. తరువాత కోలుకొని రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరి, రెండేండ్లు చదివి, పిమ్మట కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు మారి, 1921వ సంవత్సరమున పట్టభద్రురాలయ్యెను.

అప్పటికి ఆమెకు వైద్యవిద్యపై మనసు కుదిరియుండెను. హార్వర్డు వైద్యకళాశాల ఇంటి చెంతనే యుండెను గాని, అందు స్త్రీలకు ప్రవేశము లేదు. అచటి ప్రజారోగ్య విద్యాలయమువారు తరగతులకు వచ్చిన రావచ్చును గాని పట్టము మాత్రమీయము అని చెప్పిరి. పట్టము రానిచోట ఇన్నేండ్లు ఎవరు చదువుదురని ఆమె అడిగినది. ఎవరును చదువరనియే తమ యాశ యన్నట్లు సమాధానము వచ్చినది. తుదకు దేహకణజాలములను గూర్చిన ఒక పాఠమునకు ప్రత్యేకముగా అనుమతి లభించెను. కాని ఆమె గదిలో ఒక మూల దూరముగా కూర్చుండవలెను. తోడి విద్యార్థులతో మాటాడరాదు. ఇట్టి నియమములతో చదువు నేర్పుట విద్యాలయమున కేమి గౌరవమో మనకు తెలియదు. హెలెన్ మాత్రము ఆ మూలననే కూర్చుండి తన సూక్ష్మదర్శినిలో చూడవలసినదంతయు చూచుకొన్నది. ఆ కళాశాల 1945వ సంవత్సరమున గాని స్త్రీలకు ద్వారములు తెరువలేదు.

పిమ్మట ఆమె బోస్టను విశ్వవిద్యాలయమున శరీరనిర్మాణ శాస్త్రము చదువుచుండగా, అచటి ఆచార్యుడు అలెగ్జాండరు బెగ్ ఆమె పనితనమును గమనించి, ఒక ఎద్దుగుండెను చేతికిచ్చి, దీని కండరములను పరిశీలింపుమని ప్రోత్సహించెను. ఆనాడు పట్టిన గుండెను ఆమె అరువదియేండ్లకు పైగా విడువలేదు. జంతువుల గుండెనుండి కోసి తీసిన కండపోగులు తగిన ద్రవములో నుంచినప్పుడు తమంతట తామే లయబద్ధముగా ముడుచుకొనునని ఆమె చూపి, 1925వ సంవత్సరమున దానిని ప్రకటించెను. బెగ్ సలహాపైననే ఆమె బాల్టిమోరు నగరములోని జాన్స్ హాప్కిన్సు వైద్యకళాశాలకు దరఖాస్తు పెట్టెను. ఆ కళాశాలకు ధనము సమకూర్చినవారిలో స్త్రీలు ముఖ్యులగుటచేత, పురుషులతో సమానముగా స్త్రీలను చేర్చుకొనవలెనని స్థాపననాడే వారు కట్టడి చేసియుండిరి. అందుచేత హెలెనునకు అచట చోటు దొరకెను. 1927వ సంవత్సరమున ఆమె వైద్యపట్టమును పొందెను.

పెద్దల వైద్యమున శిక్షణ పొందవలెనని ఆమె కోరిక. కాని ఆ విభాగమున ఒక్క స్త్రీకే స్థానముండెను. అది స్వల్పమైన మార్కుల తేడాతో మరొకరికి దక్కెను. హెలెన్ ఒక యేడు గుండెజబ్బుల విభాగమున పనిచేసి, బాలవైద్యమునకు మరలెను. ఆమె కోరిన ద్వారము తెరచియున్నచో నీలిశిశువుల గతి యేమై యుండెడిదో!

జాన్స్ హాప్కిన్సునకు చెందిన బాలల వైద్యశాలకు హారియట్ లేన్ ఆశ్రయమని పేరు. దాని యధిపతి డాక్టరు ఎడ్వర్డ్సు పార్కు దూరదృష్టి గలవాడు. పిల్లల గుండెజబ్బులకై ఒక ప్రత్యేకవిభాగమును నెలకొల్పి, 1930వ సంవత్సరమున దానిని హెలెనునకు అప్పగించెను. ఆ దినములలో అచటికి వచ్చు పిల్లలలో చాలమంది కీళ్లవాత జ్వరముచేత గుండెకవాటములు చెడినవారే. గొంతునొప్పితో మొదలై కీళ్లను, గుండెను పట్టు ఆ జ్వరమునకు అప్పటికి పెన్సిలిను వంటి మందు లేదు. దీర్ఘకాల విశ్రాంతియే ప్రధానమైన చికిత్స. పార్కు ఆమెకు ఫ్లోరోస్కోపు అను కొత్త యంత్రమును చూపి, పుట్టుకతో వచ్చు గుండెలోపములను కూడ పరిశీలింపుమని కోరెను. చికిత్సయే లేని వ్యాధులపై కాలము వ్యయపరచుట యేలయని ఆమెకు మొదట ఉత్సాహము కలుగలేదు. అయినను ఒప్పుకొన్నది.

ఇంతలో పెద్ద ఆపద యొకటి వచ్చిపడెను. ముప్పదియేండ్లు దాటిన కొలదికాలమునకే ఆమె వినికిడి తగ్గసాగెను. గుండెవైద్యునికి చెవియే ప్రధానసాధనము. స్టెతస్కోపు చెవిలో పెట్టుకొని, కవాటములు మూసికొను చప్పుడును, ఇరుకుదారిని పోవు రక్తపు సవ్వడిని విని, లోపలి స్థితిని ఊహింపవలెను. ఆ చెవులే మొద్దుబారినచో ఇక చేయునదేమి? ఆమె వినికిడియంత్రమును ధరించెను. శబ్దమును హెచ్చించు స్టెతస్కోపును వాడెను. ఎదుటివారి పెదవుల కదలికనుబట్టి మాటలు గ్రహించుట నేర్చెను. అన్నిటికి మించి, తన వ్రేళ్లకు వినుట నేర్పెను. బిడ్డ రొమ్ముపై అరచేయి తేలికగా ఆనించి, ఏ చోట అదురుచున్నది, ఏ చోట జల్లుమనుచున్నది, గుండె ఏ ప్రక్క బలముగా తన్నుచున్నది అని ఆమె నిదానముగా తెలిసికొనెడిది. మంచి చెవులు గలవారు వినలేని సంగతులు కొన్ని ఆమె వ్రేళ్లకు తెలిసెడివని ఆమెవద్ద పనిచేసిన వైద్యులు ఆశ్చర్యపడెడివారు.

ఆమె చికిత్సా విధానమున ఇతరమైన విశేషములును కలవు. బిడ్డ గదిలోనికి రాగానే స్టెతస్కోపు తీయుట ఆమె పద్ధతి కాదు. మొదట చూడవలెను: వన్నె ఎట్లున్నది, ఎదుగుదల ఎట్లున్నది, ఊపిరి ఎట్లు తీయుచున్నది, ఎప్పుడు గొంతుకూర్చున్నది. తరువాత తల్లిని అడుగవలెను: నీలివన్నె పుట్టినప్పుడే కనిపించినదా, కొన్ని నెలలకు వచ్చినదా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని ఒక్కొక్కప్పుడు రోగనిర్ణయమంతయు దీనిపైననే ఆధారపడును. ఆ పిమ్మట తాకి చూచుట, వినుట, గుండె విద్యుత్తు రేఖలను పరీక్షించుట, తుదకు చీకటిగదిలో ఫ్లోరోస్కోపు తెరపై బిడ్డను ముందునుండియు, ఇరుప్రక్కలకు త్రిప్పియు, కొట్టుకొనుచున్న గుండె నీడను చూచుట.

ఇట్లు చూడగా చూడగా ఆమెకొక సత్యము గోచరించెను. కుడిభాగము సరిగా పెరుగని గుండెగల ఒక శిశువును ఆమె పరీక్షించియుండెను. కొంతకాలమునకు తెరపై అట్టి నీడయే గల మరొక శిశువు వచ్చెను. ఈ బిడ్డకును అదే లోపముండునని ఆమె ముందుగనే నిర్ణయించెను; తరువాత అది నిజమని తేలెను. అనగా ఒకే లోపము ఎల్లప్పుడును ఒకే విధమైన నీడను, ఒకే విధమైన లక్షణములను కలిగించును. బ్రతికియున్న బిడ్డలోనే లోపమును గుర్తింపవచ్చును! అప్పటినుండి ప్రతి వింతగుండెయు ఆమెకు విప్పవలసిన పొడుపుకథ వంటిదయ్యెను. కెనడా దేశమున మాంట్రియలు నగరములోని డాక్టరు మాడ్ ఆబట్ వేయికి పైగా లోపముగల గుండెలను పరిశీలించి 1936వ సంవత్సరమున ఒక చిత్రగ్రంథమును ప్రకటించియుండెను. హెలెన్ ఆమెవద్దకు పోయి ఆ గుండెలను స్వయముగా చూచి నేర్చుకొన్నది.

నీలిశిశువులను గూర్చి ఆమె కనుగొన్న ముఖ్యవిషయమును తెలిసికొనుటకు మరియొక సంగతి నెరుగవలెను. గర్భమునందున్న శిశువు ఊపిరి తీయదు గనుక ఊపిరితిత్తులకు రక్తముతో అంతగా పనిలేదు. అందుచేత ఊపిరితిత్తులకు పోవు ధమనికిని, బృహద్ధమనికిని నడుమ ఒక చిన్న నాళము అడ్డదారిగా ఏర్పడియుండును. పుట్టిన కొలది దినములలో అది తానే మూసికొనిపోవును. ఆరోగ్యముగల శిశువునకు అది మూసికొనవలెను, తెరచియుండుటయే జబ్బు. అయితే నీలిశిశువులలో కొందరికి ఆ నాళము మూసికొనకుండుటను హెలెన్ గమనించెను. వారు తక్కిన నీలిశిశువులకంటె నయముగా నుండిరి. నాళములో రక్తము పారునప్పుడు ఎడతెగని సవ్వడి యొకటి వినవచ్చును. ఆ సవ్వడి తగ్గి మాయమైన పిదప ఆ పిల్లల నీలివన్నె ముదిరి, పరిస్థితి విషమించి, మరణించెడివారు.

ఇందుండి ఆమె ఊహించినదేమన, ఈ పిల్లలు గుండె అలసి మరణించుటలేదు; ఊపిరితిత్తులకు రక్తము చాలక మరణించుచున్నారు. ఆ చిన్న నాళమే వారికి ప్రాణదాత. అది మూసికొనిపోయిన బిడ్డకు అట్టి నాళమునే మరల నిర్మింపగలిగినచో?

1938వ సంవత్సరమున బోస్టను నగరమున డాక్టరు రాబర్టు గ్రాస్ తెరచియున్న నాళమును శస్త్రచికిత్సచేత మూసివేసి ప్రసిద్ధుడై యుండెను. మూయ నేర్చినవాడు తెరువను నేర్చునని హెలెన్ ఆయనవద్దకు పోయి తన యాలోచనను వివరించెను. ఆయనకు అది రుచింపలేదు. నాళములను మూయుటకు శ్రమించుచున్న వానికి, నాళమును కట్టుమనుట వింతగా తోచియుండును. ఆమె వట్టిచేతులతో బాల్టిమోరునకు తిరిగివచ్చెను.

1941వ సంవత్సరమున డాక్టరు ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ జాన్స్ హాప్కిన్సునకు శస్త్రవైద్యాచార్యుడుగా వచ్చెను. ఆయనతో కూడ వచ్చిన ప్రయోగశాలా సహాయకుడు వివియన్ థామస్. ఇతడు నీగ్రోజాతికి చెందినవాడని ఆనాటివారు వ్యవహరించిన నల్లజాతి యువకుడు. వడ్రంగపు పనిలో ఆరితేరినవాడు. వైద్యుడు కావలెనని కూడబెట్టుకొన్న సొమ్ము 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యములో బ్యాంకు మునుగుటచేత పోగొట్టుకొన్నవాడు. కళాశాల మెట్లెక్కకయే అతడు శస్త్రచికిత్సలో అసాధారణ నైపుణ్యమును సంపాదించెను. హెలెన్ వీరిరువురి యెదుట తన ప్రశ్నను పెట్టెను. ఊపిరితిత్తులకు మరింత రక్తమును చేర్చు మార్గమొకటి కల్పింపవలెను. గొట్టములు బిగించువాడు ఒక గొట్టమును మరియొక దారికి మరల్చినట్లు చేయలేరా? బ్లాలాక్, థామస్‌లు మరొక విషయమును పరిశీలించుటకై పూర్వము చేతికి పోవు ధమనిని ఊపిరితిత్తుల ధమనికి అతికియుండిరి. ఆ పనియే ఇప్పుడు అక్కరకు వచ్చెను.

థామస్ మొదట కళాశాలలో భద్రపరచిన నీలిశిశువుల గుండెలను పరిశీలించెను. పిమ్మట కుక్కలలో అట్టి స్థితిని కల్పించి, దానిని సరిచేయు విధానమును వెదకుచు, ఇంచుమించు రెండేండ్లకాలమున రెండువందల కుక్కలపై ప్రయోగములు చేసెను. శిశువు ధమనులకు తగిన సూదులు అంగడిలో దొరకకుండుటచేత, దొరకినవానినే కోసి, పదునుపెట్టి, తానే తయారుచేసికొనెను.

1944వ సంవత్సరము నవంబరు 29వ తేదీన బ్లాలాక్ పదునైదు నెలల ఆడుబిడ్డకు ఈ శస్త్రచికిత్స చేయ సిద్ధపడెను. ఆ బిడ్డ బరువు నాలుగు కిలోగ్రాములు మాత్రమే. తరచుగా నీలబడి స్పృహ తప్పుచుండెను. చికిత్సకు తట్టుకొనునని ఎవరును ధైర్యముగా చెప్పలేకుండిరి. చేయకున్న బ్రతుకదని మాత్రము హెలెన్ ఎరుగును. థామస్ బ్లాలాక్ వెనుక ఒక పీటపై నిలిచి, భుజముమీదుగా చూచుచు, కుట్టు ఏ దిక్కున పడవలెనో, ధమనికి ఎంత రంధ్రము చాలునో మెల్లగా చెప్పుచుండెను. హెలెన్ బిడ్డ తలవైపున నిలిచి ముఖమును పరిశీలించుచుండెను. బిడ్డ చికిత్సను తట్టుకొని మెల్లగా కోలుకొనెను. కాని కొన్ని నెలలకు నీలివన్నె మరల కనిపించెను. రెండవసారి శస్త్రచికిత్స చేసినను ఫలింపక, 1945వ సంవత్సరమున ఆ బిడ్డ మరణించెను.

ఆ బిడ్డ కోలుకొనుచుండగనే, 1945 ఫిబ్రవరి నెలలో మరి యిద్దరు పిల్లలకు చికిత్స జరిగెను. వారిలో రెండవవాడు ఆరేండ్ల బాలుడు. నడువలేని స్థితిలో నుండెను. ధమనులకు బిగించిన పట్టుకఱ్ఱులను బ్లాలాక్ వదలుచేయగానే ఊపిరితిత్తులలోనికి రక్తము ప్రవహించెను. ఎన్నడును ఎరుపు ఎరుగని ఆ పెదవులు అందరును చూచుచుండగనే గులాబివన్నెకు తిరిగెను. బాలుడు మత్తునుండి మేల్కొని, ఇక లేచిపోవచ్చునా యని అడిగెనట. పదునైదేండ్లుగా నల్లని పెదవులను చూచుచు, చేయగలిగినది లేక పిల్లలను సాగనంపిన వైద్యురాలికి ఆ క్షణమెట్లుండెనో వర్ణింపజాలము.

1945వ సంవత్సరము మే నెలలో బ్లాలాక్, టౌసిగ్‌లు ఈ మూడు చికిత్సల వృత్తాంతమును అమెరికా వైద్యసంఘ పత్రికలో ప్రకటించిరి. వార్త లోకమెల్ల వ్యాపించెను. చికిత్సకు బ్లాలాక్–టౌసిగ్ శస్త్రచికిత్స యని పేరువచ్చెను. పత్రమున థామస్ పేరు లేదు. నల్లజాతివారు ఆ వైద్యశాలలో ఊడిగపు పనులు తప్ప చేయని కాలమది. జరిగిన అన్యాయమును కాలము కొంత దిద్దినది: 1976వ సంవత్సరమున జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయము థామస్‌నకు గౌరవ డాక్టరు పట్టమునిచ్చెను, నేడు వైద్యులు పలువురు ఆ చికిత్సకు మూడు పేర్లను కలిపి చెప్పుచున్నారు.

వార్త పొక్కిన దినములనుండి తల్లిదండ్రులు నీలిశిశువుల నెత్తుకొని దేశము నలుమూలలనుండియు, విదేశములనుండియు బాల్టిమోరునకు రాదొడగిరి. కొందరు ముందుగా తెలుపకయే వచ్చి వాకిట నిలిచిరి. ఇప్పుడు హెలెనుపై పడిన భారము మునుపటికంటె పెద్దది. నీలముగానున్న ప్రతి బిడ్డకును ఈ చికిత్స పనికిరాదు. ఊపిరితిత్తులకు రక్తము చాలక నీలబడినవారికి ఇది ప్రాణదానము. కాని ధమనులు తారుమారై, ఊపిరితిత్తులకు రక్తము సమృద్ధిగా పోవుచుండియు నీలబడినవారు కూడ నుందురు. అట్టివారికి ఈ చికిత్స చేసినచో మేలు కలుగకపోగా ప్రాణమే పోవచ్చును. పైకి ఇరువురు బిడ్డలును ఒక్కవన్నెవారే. ఈ తేడాను కనిపెట్టి, ఈ బిడ్డ శస్త్రశాలకు పోవలెను, ఈ బిడ్డ పోరాదు అని నిర్ణయించుట హెలెన్ పని. పోరాదని చెప్పినప్పుడు, ఎన్నోవందల మైళ్లు ఆశతో వచ్చిన తల్లికి ఆ మాట ఎదుట కూర్చుండి తానే చెప్పెడిది. లేని ఆశను కల్పించుట దయ కాదని ఆమె మతము.

1951వ సంవత్సరము నాటికి ఆ వైద్యశాలలో వేయికి పైగా ఇట్టి చికిత్సలు జరిగెను. ఇది లోపమును తుడిచివేయు చికిత్స కాదని, ఊపిరిపోసి కాలము పొడిగించు చికిత్స యని ఆమె బాగుగా నెరుగును. 1954వ సంవత్సరమున మిన్నెసోటాలో డాక్టరు లిల్లెహై గుండెను తెరచి, లోపలి లోపములనే సరిదిద్దెను. అప్పటికి జీవించియుండి, ఆ కొత్తచికిత్సను అందుకొన్నవారిలో బాల్టిమోరు బిడ్డలు అనేకులు. తొలిచికిత్స కొంత మార్పు చెంది, అతి చిన్న శిశువుల విషయమున నేటికిని వాడుకలో నున్నది.

1947వ సంవత్సరమున ఆమె తాను నేర్చినదంతయు చేర్చి, పుట్టుకతో వచ్చు గుండెలోపములపై బృహద్గ్రంథమును ప్రకటించెను. 1949వ సంవత్సరమున రిచర్డు బింగ్ అను వైద్యునితో కలసి, అంతవరకు ఎవరును గుర్తింపని ఒక వింతలోపమును వర్ణించెను. అది నేటికిని వారిరువురి పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. పలుదేశముల యువవైద్యులు ఆమెవద్ద శిక్షణకు వచ్చిరి. వారిలో మన దేశమునుండి పోయిన డాక్టరు యస్. పద్మావతి యొకరు. ఆమె తిరిగివచ్చి, ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్యకళాశాలలో పనిచేసి, భారతదేశమున హృదయవైద్యమునకు పునాదులు వేసినవారిలో అగ్రగణ్యురాలై, 2020వ సంవత్సరమున నూటమూడేండ్ల వయసున మరణించిరి.

హెలెన్ వివాహమాడలేదు. చికిత్స ముగిసిన పిల్లలను ఆమె మరువలేదు. వారు పెరిగి పెద్దవారై, ఉద్యోగములు చేయుచు, బిడ్డలను కన్న పిదప కూడ ఉత్తరములు వ్రాసి యోగక్షేమములు విచారించుచు, వారి స్థితిని దశాబ్దముల తరబడి నమోదుచేయుచు వచ్చెను. చికిత్స జరిగిననాడు బిడ్డ బ్రతికినంత మాత్రమున వైద్యుని పని తీరదని ఆమె యభిప్రాయము. ఇన్ని సాధించిన ఆమెకు విశ్వవిద్యాలయము పూర్తి ఆచార్యపదవి నిచ్చినది 1959లో. అప్పటికి ఆమెకు అరువదియొక్క యేండ్లు.

1962వ సంవత్సరము జనవరిలో ఆమె పూర్వశిష్యుడైన జర్మను వైద్యుడు అలాయిస్ బాయిరెన్ వచ్చి, తన దేశమున చేతులు, కాళ్లు సరిగా రూపొందని శిశువులు అనేకులు పుట్టుచున్నారనియు, గర్భిణులు వాడిన థాలిడోమైడ్ అను నిద్రమందు దీనికి కారణమని అనుమానింపబడుచున్నదనియు చెప్పెను. ఆమె వెంటనే జర్మనీకి పోయి, ఆసుపత్రులు తిరిగి, శిశువులను, లెక్కలను స్వయముగా చూచెను. అమెరికాలో ఆ మందు అమ్మకమునకు ప్రభుత్వోద్యోగినియైన డాక్టరు ఫ్రాన్సెస్ కెల్సీ అప్పటికే అనుమతి నీయక నిలిపియుంచెను. హెలెన్ తిరిగివచ్చి వైద్యసభలలో మాటాడి, వ్యాసములు వ్రాసి, శాసనసభ సంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. ఆ యేడే అమెరికాలో మందుల పరీక్షను కట్టుదిట్టము చేయు చట్టము వచ్చెను.

1963వ సంవత్సరమున ఆమె ఉద్యోగమునుండి విరమించెను. మరుసటియేడు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆమెకు అమెరికా పౌరులకిచ్చు అత్యున్నత పతకమును బహూకరించెను. 1965లో ఆమె అమెరికా హృదయవైద్య సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. ఆ పదవి నధిష్ఠించిన తొలిస్త్రీ ఆమెయే.

వార్ధక్యమున ఆమెకు మరియొక సందేహము కలిగెను. శిశువుల గుండెలలో కనిపించు లోపములే పక్షుల గుండెలలోను కనిపించునా? కనిపించినచో వాని మూలము మందులలోనో, తల్లుల నడవడిలోనో గాక, జీవపరిణామ చరిత్రలో మిక్కిలి వెనుక నెక్కడనో యుండవలెను. ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట ఆమె పెన్సిల్వేనియాలోని కెన్నెట్ స్క్వేర్ అను ఊర నివసించుచు, చనిపోయిన పక్షుల గుండెలను తెప్పించుకొని, కోసి పరిశీలించుచుండెను. 1986వ సంవత్సరము మే నెల 20వ తేదీన ఎన్నికలలో ఓటువేయుటకు స్నేహితులను తన కారులో తీసికొనిపోయినప్పుడు ప్రమాదము జరిగి మరణించెను. ఎనుబదియెనిమిదవ పుట్టినరోజు ఇంక నాలుగుదినములే యుండెను. ఆమె కోరిక ప్రకారము ఆమె దేహమును జాన్స్ హాప్కిన్సు వైద్యకళాశాలకు అప్పగించిరి. పక్షుల గుండెలపై ఆమె చేసిన పరిశోధనతో కూడిన వ్యాసము 1988వ సంవత్సరమున వెలువడెను.